ఆంగ్లేయుల సముద్రతీర విడిది

ఉర్దూలో ఆరామ్ అంటే విశ్రాంతి. మన తెలుగులో ఆరామం అంటే ఉద్యానవనం. ఒకటి పారశీకం నుండి, మరొకటి సంస్కృతం నుండి మన దాకా వచ్చినవి. అయినా రెండింటికీ మూలమైన ధాతువు ఒక్కటేనని భాషావేత్తలు చెబుతారు. అలసిన మనిషికి పని మానడం ఒక్కటే చాలదు, చోటు కూడ మారాలి అన్న భావం ఆ ధాతువులోనే ఇమిడి ఉన్నదనిపిస్తుంది. దీనినే మన పెద్దలు గాలిమార్పు అన్నారు. ఉర్దూవారు తబ్దీల్-ఎ-ఆబ్-ఓ-హవా అన్నారు. వాల్తేరు సముద్రపు గాలికో, మదనపల్లె చల్లగాలికో రోగులను పంపించిన వైద్యులు మనకూ ఉన్నారు.

అయితే ఈ గాలిమార్పును మొదట చికిత్సగా, తరువాత విలాసంగా, ఆపైన వ్యాపారంగా, చివరకు శ్రామికుని హక్కుగా మలచుకొన్నవారు ఆంగ్లేయులు. సముద్రతీరాన ఉన్న ఒక పట్టణానికి పోయి, అక్కడి హోటలులో నాలుగు రోజులో వారం రోజులో ఊరక గడపి రావడం వారి జీవితంలో బాగా కలిసిపోయిన అలవాటు. ఇంగ్లీషు నవలలు చదివే మన విద్యార్థులకు 'సీసైడ్' అనే మాట తరచు తగులుతుంది. సముద్రపు ఒడ్డు అని అర్థం వ్రాసుకొని ముందుకు సాగిపోతాము. ఆ మాట వెనుక ఎంత చరిత్ర ఉన్నదో, ఆ చరిత్రలో పాట్నాలో పుట్టిన ఒక భారతీయునికి ఎటువంటి స్థానం ఉన్నదో తెలిపే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఇందుకు బ్రైటన్ పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొంటున్నాము.

బ్రైటన్ లండనుకు దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, ఇంగ్లీషు ఛానల్ ఒడ్డున ఉన్నది. మన కోస్తా తీరాన్ని చూసిన కళ్లకు ఆ ఒడ్డు విచిత్రంగా కనిపిస్తుంది. అక్కడ ఇసుక లేదు. ఒడ్డంతా గుండ్రని గులకరాళ్లు. చెప్పులు లేకుండా నడవడం కష్టం. నడివేసవిలో కూడ సముద్రపు నీరు పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు దాటడం అరుదు. మచిలీపట్నం వాడు అందులో కాలు పెడితే వెంటనే వెనుకకు తీసుకొంటాడు. ఆకాశం ఎప్పుడు మబ్బు పడుతుందో తెలియదు. ఇటువంటి చోటికి లక్షలాది జనం సుఖం కోసం ఎందుకు పోతారన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. దానికి జవాబు ఒక వైద్యుని దగ్గర మొదలవుతుంది.

ఆ వైద్యుని పేరు రిచర్డ్ రస్సెల్. గ్రంథుల వ్యాధులకు సముద్రజలం ఔషధమని వాదిస్తూ ఆయన 1750లో లాటిను భాషలో ఒక గ్రంథం ప్రచురించినాడు. ఆ నీటిలో మునగడమే కాదు, దానిని త్రాగాలని కూడ ఆయన సలహా. ఈ చికిత్సకు అనువైన చోటుగా 1753లో బ్రైటనులో స్థిరపడి, ఒడ్డుకు దగ్గరగా పెద్ద ఇల్లు కట్టుకొన్నాడు. అప్పటికి బ్రైటన్ 1703, 1705 సంవత్సరాల తుపానులకు దెబ్బతిని, బ్రతుకు భారమై ఉన్న ఒక జాలరుల ఊరు. వైద్యుని వెంట రోగులు వచ్చినారు, రోగుల వెంట బంధువులు వచ్చినారు, అందరికీ గదులు కావలసివచ్చినవి. సముద్రానికి వీపు పెట్టి ఇళ్లు కట్టుకొన్న జాలరుల ఊరు మెల్లగా ముఖం సముద్రం వైపు త్రిప్పుకొన్నది.

స్నానం చేసే పద్ధతి కూడ చెప్పుకోదగినదే. చక్రాల మీద నిలిచిన కొయ్యగదిలోనికి రోగి ఎక్కి తలుపు వేసుకొంటాడు. గుర్రం ఆ గదిని నీటిలోనికి లాగుకొనిపోతుంది. అక్కడ దిగిన రోగిని, ముఖ్యంగా స్త్రీలను, బలిష్ఠులైన జాలరి ఆడువారు చేతులతో పట్టి చన్నీటిలో ముంచి లేపేవారు. వారిలో మార్తా గన్ అనే ఆమె ఎంతో ప్రసిద్ధి పొందినది. ఆమె 1815లో మరణించినది. పరదా పాటిస్తూ స్నానం చేయవలసిన అవసరం ఒక్క తూర్పుదేశాల వారికే ఉన్నదని భావించేవారు ఈ కొయ్యగదులను ఒకసారి తలచుకోవాలి.

రస్సెల్ 1759లో మరణించినాడు. యాదృచ్ఛికమే కావచ్చు, సరిగ్గా అదే సంవత్సరం పాట్నాలో షేక్ దీన్ మహమ్మద్ జన్మించినాడు. బాల్యంలోనే ఈస్టిండియా కంపెనీ బెంగాలు సైన్యం వెంట చేరి, తన అధికారితో పాటు 1784లో ఐర్లండు చేరుకొన్నాడు. అక్కడే ఐరిష్ యువతిని వివాహమాడి క్రైస్తవం స్వీకరించినాడు. పేరు మాత్రం మార్చుకోలేదు. 1794లో ఆయన ప్రచురించిన యాత్రాగ్రంథం ఒక భారతీయుడు ఆంగ్లంలో వ్రాసి అచ్చువేసిన మొట్టమొదటి పుస్తకం. 1810లో లండనులో 'హిందుస్థానీ కాఫీ హౌస్' పేరున హుక్కాతో, హిందూస్థానీ వంటకాలతో భోజనశాల తెరిచినాడు. అది నిలదొక్కుకోలేదు, రెండేళ్లకే దివాలా తీసినాడు.

యాభై ఏళ్ల వయసు దాటినవాడు, పరదేశంలో అప్పులపాలైనవాడు, మరి ఏమి చేస్తాడు? ఆయన బ్రైటనుకు వచ్చినాడు. అక్కడ స్నానశాలలో పనికి కుదిరి, తనకు తెలిసిన విద్యను బయటకు తీసినాడు. ఆ విద్య మన నగరాలలో మంగలి అంగడిలో నేటికీ దొరుకుతుంది. దానిని చంపీ అంటాము. రోగిని మూలికల ఆవిరి నింపిన ఫ్లానెల్ గుడ్డ డేరాలో కూర్చుండబెట్టి, డేరా గుడ్డకు అమర్చిన తొడుగులలో చేతులు దూర్చి దేహమంతా మర్దన చేసేవాడు. కీళ్లనొప్పులతో వచ్చినవారు హాయిగా నడచిపోయినారని, వారు విడిచిపెట్టిన ఊతకర్రలను స్నానశాలలో ప్రదర్శనకు పెట్టేవారని చెబుతారు. 1821 నాటికి సముద్రం ఎదుటనే మహమ్మద్ స్నానశాల వెలసినది. నాలుగవ జార్జి, నాలుగవ విలియం చక్రవర్తులు ఇద్దరికీ ఆయన ఆస్థాన మర్దకుడు. ఈనాడు మన ఇంట సబ్బుపెట్టె ప్రక్కన కనిపించే షాంపూ అనే మాట ఆ హిందూస్థానీ 'చాంపో'కు ఆంగ్ల రూపాంతరమే. మొదట మర్దన అని అర్థం ఉన్న మాటకు తలంటు అన్న అర్థం తరువాత వచ్చినది. 1851లో కన్నుమూసిన ఆయనను బ్రైటనులోనే సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో ఖననం చేసినారు. ఆయన మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ లండనులోని గైస్ ఆసుపత్రిలో పనిచేసి, రక్తపు పోటును గూర్చి తొలినాళ్లలోనే విలువైన పరిశోధన చేసిన వైద్యుడు. 1884లో, ముప్పది అయిదు ఏళ్లకే మరణించకపోయినట్లయితే ఆ పేరు వైద్య విద్యార్థులందరికీ తెలిసి ఉండేదని మా నమ్మకం.

రస్సెల్ గృహం ఉన్న స్థలంలో 1826లో రాయల్ ఆల్బియన్ హోటలు లేచినది. మహమ్మద్ స్నానశాల ఉన్న స్థలంలో ఇప్పుడు క్వీన్స్ హోటలు ఉన్నది. చికిత్స పోయినది, చికిత్స కోసం వచ్చినవారి గదులు మిగిలినవి.

రాజాశ్రయం గూర్చి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాము. యువరాజు జార్జి 1783లో మొదటిసారి బ్రైటనుకు వచ్చి, ఆ ఊరిని విడువలేక అక్కడ సౌధం కట్టించుకొన్నాడు. 1815 నుండి ఏడెనిమిదేళ్ల కాలంలో జాన్ నాష్ అనే వాస్తుశిల్పి దానికి ఇప్పటి రూపం ఇచ్చినాడు. బయట మొగలు గుంబజులు, మీనారులు. లోపల చైనా అలంకారం. భారతదేశాన్ని ఎన్నడూ చూడని వాస్తుశిల్పి చిత్రపటాలు చూసి కట్టిన భవనమది. ఢిల్లీ, ఆగ్రా కట్టడాలు చూసినవారికి అందులో గాంభీర్యం కంటె కుతూహలం ఎక్కువగా కనిపిస్తుంది. విక్టోరియా రాణికి ఆ జనసమ్మర్దం నచ్చలేదు. 1850లో ఆ భవనం పట్టణం చేతికి వచ్చినది.

జనసమ్మర్దానికి కారణం రైలు. 1841లో లండను నుండి బ్రైటనుకు రైలుమార్గం పూర్తి అయినది. గుర్రపుబండిలో సగం దినం పట్టే ప్రయాణం సుమారు రెండు గంటలకు తగ్గినది. రోగుల ఊరు, రాజుల ఊరు అయిన బ్రైటన్ అందరి ఊరు అయినది. 1864లో గ్రాండ్ హోటలు, 1890లో మెట్రోపోల్ హోటలు సముద్రం ఎదుట నిలిచినవి. 1866లో పశ్చిమ పియరు, 1899లో ప్యాలెస్ పియరు నీటిలోనికి చొచ్చుకొనిపోయినవి. పియరు అంటే ఇనుప స్తంభాల మీద సముద్రంలోనికి కట్టిన పొడవైన కొయ్య వేదిక. ఓడ ఎక్కకుండా, కాలు తడవకుండా సముద్రం మీద నిలబడే సుఖం అందులో ఉన్నది. 1883లో వోల్క్ అనే యంత్రజ్ఞుడు ఒడ్డు వెంట వేసిన చిన్న విద్యుత్ రైలు ఈనాటికీ నడుస్తున్నది.

మన వద్ద హోటలు అనగానే ఇడ్లీ పళ్లెం, ఇరానీ చాయ్ జ్ఞాపకం వస్తాయి. అక్కడ హోటలు అంటే ప్రధానంగా బస. సముద్రతీర హోటలులో గదికి ధర నిర్ణయించేది మంచమూ కుర్చీలూ కావు, కిటికీ. సముద్రం కనిపించే గదికి ఒక ధర, వెనుక వీధి కనిపించే గదికి మరొక ధర. ఆ ఊరి పాత ఇళ్లకు కిటికీలు గోడలోనుండి విల్లువలె ముందుకు ఉబికి ఉండడానికి కూడ ఇదే కారణం. మంచం మీద కూర్చున్నవారికి ఎదుటి సముద్రమే కాక రెండు ప్రక్కలా తీరం కనిపిస్తుంది. గదిలో ఒక పళ్లెరం మీద నీళ్లు కాచుకొనే కెటిలు, తేయాకు పొట్లాలు, చిన్న పాలగిన్నెలు, రెండు బిస్కత్తులు ఉంచడం అక్కడి ఆచారం. ఉదయపు ఫలహారం గది అద్దెలో కలిసి ఉంటుంది: కోడిగ్రుడ్లు, కాల్చిన రొట్టె, వేయించిన టమాటాలు, చిక్కుడు గింజలు. పందిమాంసం తప్పనిసరిగా ఉంటుంది గనుక ముస్లిం సోదరులు ముందుగానే చెప్పుకోవాలి. శాకాహారుల పళ్లెం ఇప్పుడు చాలచోట్ల దొరుకుతుంది. జూన్ మాసంలో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిది దాటిన తరువాతనే గనుక మగ్రిబ్ నమాజు వేళ కూడ అప్పుడే.

ఆ తరువాత దినమంతా ఏమి చేస్తారు? మా దృష్టిలో ఈ విడిది సారమంతా ఇక్కడే ఉన్నది. ఏమీ చేయరు. ఒడ్డు వెంట నడుస్తారు, గుడ్డకుర్చీలో కూర్చుంటారు, వార్తాపత్రిక చదువుతారు, వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు తింటారు, వాన వస్తే హోటలులోని అద్దాల వసారాలో కూర్చుని వానను చూస్తారు. మనవారు ఊరు కదిలితే తీర్థయాత్రకో, పెళ్లికో, ఉరుసుకో కదులుతారు. ప్రతి ప్రయాణానికీ ఒక పుణ్యమో పురుషార్థమో ఉండాలి. పని లేకపోవడమే పనిగా ప్రయాణం కట్టడం మనకు కొంత వింతగానే తోస్తుంది. అయితే అలా ఊరక కూర్చునే హక్కు సామాన్యునికి ఎన్నాళ్లకు దక్కినదో తెలిస్తే దానిని సోమరితనం అనబుద్ధి కాదు.

1871లో జాన్ లుబ్బాక్ ప్రతిపాదించిన చట్టం సంవత్సరంలో నాలుగు దినాలను ఇంగ్లండులో బ్యాంకు సెలవులుగా ప్రకటించినది. ఉత్తరాన లాంకషైర్ నూలుమిల్లుల పట్టణాలు ఒక్కొక్కటి ఒక్కొక్క వారం పూర్తిగా మూసివేసి, కార్మికులందరూ కలిసి బ్లాక్‌పూల్ తీరానికి తరలిపోయేవారు. మన నేతగాండ్ర మగ్గాలు మూలబడడానికి కారణమైన మిల్లులు ఇవే. ఆ మిల్లులలో దూదిధూళి పీల్చి ఊపిరి చెడిన కార్మికుడు ఏడాదికి ఒక వారం పీల్చుకొన్న మంచిగాలి కూడ ఇదే. అయితే ఆ వారానికి వేతనం ఉండేది కాదు. ఏడాది పొడుగునా పైసా పైసా కూడబెట్టిన పొదుపుతోనే వెళ్లేవారు. వేతనంతో కూడిన సెలవును సిఫారసు చేసే చట్టం 1938లో గాని రాలేదు. వెంటనే యుద్ధం వచ్చి తీరంలో చాలభాగాన్ని ముళ్లకంచెలతో మూసివేసినారు. సామాన్య కుటుంబం వేతనం పోకుండా ఒక వారం సముద్రపు ఒడ్డున కూర్చోవడం యుద్ధం ముగిసిన తరువాతనే విరివిగా సాధ్యపడినది.

వీరు గ్రాండ్ హోటలుకు పోగలిగినవారు కారు. వీరికోసం వెనుక వీధులలో చిన్న చిన్న విడిది ఇళ్లు ఉండేవి. వాటిని నడిపినవారు ఎక్కువగా స్త్రీలు. భర్తను పోగొట్టుకొన్నవారు, పెళ్లి కానివారు ఎందరో ఆ ఆదాయంతో ఎవరి దయా లేకుండా బ్రతికినారు. ఉదయం ఫలహారం కాగానే అతిథులు బయటకు పోవాలి, సాయంత్రం భోజనం వేళకు గాని లోనికి రాకూడదు, ఉప్పూ మిరియాల పొడీ బల్ల మీద పెట్టినందుకు విడిగా రుసుము కట్టాలి—ఇటువంటి నియమాలను గూర్చి ఆంగ్లేయులు తరతరాలుగా హాస్యమాడుతూ వచ్చినారు. ఆ హాస్యం మాకు అంతగా రుచించదు. పది గదుల పక్కలు మార్చి, ఇరువది మందికి వండి వార్చి, గిన్నెలు తోమే మనిషికి మధ్యాహ్నం ఇల్లు ఖాళీగా కావలసిరావడంలో వింత ఏమున్నది?

ఆ తలుపులు అందరికీ తెరుచుకోలేదు. నల్లవారికీ, మనవంటి గోధుమవన్నె వారికీ గది లేదని చెప్పడం చాలకాలం మామూలు విషయం. 1943లో వెస్టిండీస్ క్రికెట్ వీరుడు లియరీ కాన్‌స్టంటైన్‌ను లండనులోని ఒక హోటలు ఈ కారణంగానే ఉండనీయలేదు. ఆయన న్యాయస్థానానికి పోయి మరుసటి సంవత్సరం గెలిచినాడు. హోటళ్లలో వర్ణవివక్షను నిషేధిస్తూ శాసనం మాత్రం 1965లో గాని రాలేదు. 1968లో దాని పరిధి మరింత పెరిగినది.

ఒకే ఒక సందర్భంలో బ్రైటన్ మనవారిని ప్రత్యేకంగా పిలిపించుకొన్నది. 1914 డిసెంబరు నుండి 1916 జనవరి వరకు ఫ్రాన్సు యుద్ధభూమిలో గాయపడిన భారతీయ సిపాయిలకు రాజసౌధాన్నే ఆసుపత్రిగా మార్చినారు. ఆ గుంబజుల క్రింద వరుసగా మంచాలు వేసినారు. ఉర్దూ, హిందీ, గురుముఖి లిపులలో సూచనలు వ్రాసినారు. హిందువులకూ ముస్లిములకూ వేరు వేరు మంచినీటి కుళాయిలు, మతాచారాలను బట్టి తొమ్మిది వంటశాలలు ఏర్పాటు చేసినారు. సౌధం ముందరి పచ్చికపై ముస్లిం సిపాయిలు నమాజు చేసుకొన్నారు. 1915 ఆగస్టులో జమాదారు మీర్ దస్త్ అక్కడే ఐదవ జార్జి చేతుల మీదుగా విక్టోరియా క్రాస్ అందుకొన్నాడు. అయితే మరణించిన హిందూ, సిక్కు సిపాయిలను ఊరి బయట కొండ మీద దహనం చేసినారు. అక్కడ 1921లో ఛత్రి నిర్మించినారు. ముస్లిం సిపాయిలను వోకింగులో, భోపాల్ నవాబు షాజహాన్ బేగం ధనసహాయంతో 1889లో కట్టిన మసీదుకు సమీపంలో ఖననం చేసినారు. కొలుకొన్నవారిలో ఎందరో తిరిగి సైన్యంలో చేరవలసివచ్చినది. తీరపు గాలి అక్కడ చేసిన పని విశ్రాంతి ఇవ్వడం కాదు, మరల యుద్ధానికి సిద్ధం చేయడం.

1960వ దశకం నుండి విమానయానం చౌకయినది. విమానం, గది, భోజనం కలిపి ఒకే ధరకు స్పెయిను ఎండను అమ్మజూపినప్పుడు ఇంగ్లండు మబ్బు ఎవరికి కావాలి? పశ్చిమ పియరు 1975లో మూతబడి, 2003లో అగ్నికి ఆహుతి అయి, ఇప్పుడు నీటిలో తుప్పుపట్టిన ఇనుప అస్థిపంజరంగా మిగిలినది. 1984 అక్టోబరు 12న గ్రాండ్ హోటలులో పేలిన బాంబు అయిదుగురి ప్రాణాలు తీసినది. ప్రధాని థాచర్ బ్రతికి బయటపడినది. ఆ హోటలు రెండేళ్లలో మరల తెరుచుకొన్నది. రస్సెల్ ఇంటి స్థలంలోని రాయల్ ఆల్బియన్ 2023 జూలైలో అగ్నిప్రమాదానికి గురి అయినది.

లండను దగ్గర ఉండడం వలన, రెండు విశ్వవిద్యాలయాలు ఉండడం వలన బ్రైటన్ నిలదొక్కుకొన్నది. మిగిలిన తీర పట్టణాల సంగతి వేరు. 2021లో ఇంగ్లండు ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ తన వార్షిక నివేదికను తీరప్రాంత ప్రజల ఆరోగ్యానికే కేటాయించినాడు. అక్కడివారి ఆయుర్దాయం లోపలి ప్రాంతాల వారి కంటె తక్కువగా, గుండెజబ్బులు మొదలైనవి ఎక్కువగా ఉన్నవని అందులో తేలినది. బ్లాక్‌పూలులో పురుషుల ఆయుర్దాయం దేశం మొత్తంలోనే అత్యల్పాలలో ఒకటి. ఆరోగ్యం అమ్మిన ఊరిలోనే ఆరోగ్యం కరవయినది. కారణాలు గాలిలోనో నీటిలోనో లేవు. అతిథులు రాని విడిది ఇళ్లను గదులు గదులుగా చీల్చి బీదలకు అద్దెకు ఇచ్చినారు, పని వేసవిలో ఉంటుంది, శీతకాలంలో ఉండదు, జీతాలు చిన్నవి, యువకులు వెళ్లిపోతారు, వృద్ధులు వచ్చి చేరుతారు, వైద్యులు ఆ ఊళ్లకు రావడానికి ఇష్టపడరు.

ఈ రోజులలో మన రెండు తెలుగు రాష్ట్రాల నుండి వేలాది విద్యార్థులు ఇంగ్లండు విశ్వవిద్యాలయాలకు పోతున్నారు. పట్టా చదువుల వారికి చదువు సాగే కాలంలో వారానికి ఇరువది గంటల వరకు పని చేసే అనుమతి ఉన్నది. ఈ కళాశాల నుండి అటువంటి తీరపట్టణానికి పోయేవారు సముద్రతీర హోటలును మొదటిసారి చూసేది ముందరి మెట్ల నుండి కాక వంటశాల వాకిలి నుండి కావచ్చు. అక్కడ శని, ఆదివారాలు అతిథులవి. పనివారికి సెలవు మంగళవారమో బుధవారమో పడుతుంది. ఆ దినాన గులకరాళ్ల ఒడ్డు దాదాపు ఖాళీగా ఉంటుంది. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు.